హార్మండ్స్‌వర్త్ మేనర్: చర్చి యాజమాన్య చరిత్ర

నిర్వచనం, ఉనికి

హార్మండ్స్‌వర్త్ ఇంగ్లండులోని పాత మిడిల్‌సెక్స్ కౌంటీకి చెందిన మేనర్. లండన్ నడిబొడ్డుకు పడమరగా సుమారు 15 మైళ్ల దూరంలో, కోల్న్ నది పాయలు పారే పల్లపు నేలలో ఉంది. నేటి పరిపాలనా విభజనలో ఇది లండన్ మహానగరంలోని హిలింగ్‌డన్ బరో కిందికి వస్తుంది. లాంగ్‌ఫర్డ్, సిప్సన్, హీత్రూ దీని శివారు పల్లెలు. వీటిలో చివరిదాని పేరే విమానాశ్రయానికి వచ్చింది. హైదరాబాదు నుంచి లండన్ వెళ్లి హీత్రూలో దిగే తెలుగు ప్రయాణికులు తొక్కే నేలలో కొంత భాగం ఒకప్పుడు ఈ గ్రామ సరిహద్దులోనిదే. 1069 నుంచి 1543 వరకు, అంటే 474 ఏళ్లపాటు, ఈ మేనర్ మత సంస్థల చేతిలో ఉంది. అందులో మొదటి 322 ఏళ్లు ఫ్రాన్సులోని ఒక మఠానిది, మిగతా 152 ఏళ్లు విన్చెస్టర్ కళాశాలది.

మేనర్ అంటే ఒక ఊరో, ఒక భవనమో కాదు. ఒక ప్రభువుకు ఒక ప్రాంతంపై ఉన్న హక్కులన్నిటినీ కలిపి మేనర్ అంటారు. అందులో ప్రభువు తన ఖర్చుతో సాగు చేయించుకునే కమతం భూమి ఒక భాగం. రైతులు అనుభవిస్తూ శిస్తు, వెట్టి చెల్లించే భూమి మరో భాగం. పశువుల బీళ్లు, పిండిమరలు, చేపల చెరువులు, రైతుల తగవులు తీర్చి జరిమానాలు వసూలు చేసే మేనర్ కోర్టు కూడా అందులోవే. ప్రభువు వీటన్నిటినీ రాజు దగ్గర నుంచో, రాజు కింది మరో ప్రభువు దగ్గర నుంచో పొందినవాడు. సాధారణ ప్రభువు దానికి బదులుగా యుద్ధ సేవ చేయాలి. మఠానికి దానంగా ఇచ్చిన భూమికి మాత్రం ప్రార్థన తప్ప మరో సేవ ఉండకపోవచ్చు. మన జమీందారీతో దీనికి పైపై పోలికలున్నా, ఈ రెంటినీ ఒకటిగా చూడకూడదు. జమీందారు ప్రధానంగా ప్రభుత్వానికి శిస్తు కట్టే బాధ్యుడు. మేనర్ ప్రభువు తన రైతులకు న్యాయాధికారి కూడా.

ఇంగ్లండులో చర్చి భూముల చరిత్రను సాధారణంగా ఒకే తీరులో చెబుతారు: విశ్వాసులు దానమిచ్చారు, చర్చి శతాబ్దాలు ఏలుకుంది, 16వ శతాబ్దంలో మత సంస్కరణ పేరుతో ఎనిమిదో హెన్రీ లాగేసుకున్నాడు. హార్మండ్స్‌వర్త్ ఆధారాలు ఈ కథను సవరించమంటున్నాయి. ఇక్కడ చర్చి యాజమాన్యం మొదలైనప్పుడూ, చేతులు మారినప్పుడూ, ముగిసినప్పుడూ నిర్ణయం రాజుదే. మఠం చేతిలో ఉన్న హక్కు నిజమైనదే కాని, స్వతంత్రమైనది కాదు. ఆ హక్కు అసలు బలహీనపడిన కాలం మత సంస్కరణ కాదు, అంతకు రెండు శతాబ్దాల ముందు ఫ్రాన్సుతో జరిగిన యుద్ధాల కాలం.

దానానికి మూలం: 1066–1086

1066కు ముందు ఈ మేనర్ ఎర్ల్ హెరాల్డ్‌ది. ఎడ్వర్డ్ రాజు చనిపోయాక సింహాసనమెక్కి, అదే ఏడాది హేస్టింగ్స్ యుద్ధంలో హతుడైన హెరాల్డ్ ఇతడే. ఓడినవాడి భూములు గెలిచిన నార్మన్ విలియం వశమయ్యాయి. మూడేళ్లకు, 1069లో, విలియం ఈ మేనర్‌ను రూఆన్ నగరం పక్కన కొండ మీదున్న హోలీ ట్రినిటీ మఠానికి రాసిచ్చాడు. తర్వాతి కాలంలో సెయింట్ కేథరిన్ పేరుతోనూ ప్రసిద్ధమైన ఈ బెనెడిక్టైన్ మఠం 1030 ప్రాంతంలో స్థాపితమైంది. కనుక చర్చికి వచ్చిన ఈ ఆస్తికి పునాది దానం మాత్రమే కాదు, దానికి ముందు జరిగిన జప్తు కూడా.

దానపత్రంలో ఒక చిన్న సంఘటన నమోదైంది. ఆ కాలంలో భూమి అప్పగించేటప్పుడు మట్టిపెళ్లో, కర్రో, కత్తో చేతికివ్వడం ఆనవాయితీ, ఎందుకంటే రాత కన్నా సాక్షుల కళ్ల ముందు జరిగిన చేష్టకే విలువ ఎక్కువ. విలియం కత్తి తీసి, పరిహాసంగా మఠాధిపతి అరచేతిలో పొడవబోయినట్టు నటించి, భూమిని ఇవ్వవలసింది ఇలాగేనని అన్నాడట. సాక్షులు మరచిపోకుండా ఉండటమే దాని ఉద్దేశం కావచ్చు. కాని చరిత్రకారుడికి అందులో మరో సంగతి కూడా కనిపిస్తుంది. ఇచ్చే చెయ్యి ఎవరిదో, పుచ్చుకునే చెయ్యి ఎవరిదో అక్కడున్న వారందరికీ స్పష్టంగా తెలుసు.

1086లో విలియం తయారు చేయించిన డూమ్స్‌డే సర్వేలో ఈ మేనర్ రూఆన్ మఠం పేరిట 30 హైడ్‌లుగా లెక్కకొచ్చింది. హైడ్ అనేది పన్ను మదింపు ప్రమాణం, కచ్చితమైన విస్తీర్ణం కాదు. 30 హైడ్‌లంటే మిడిల్‌సెక్స్‌లో పెద్ద మేనర్ కిందే లెక్క. 3 పిండిమరలు, ఈల్ చేపల రాబడి, పందుల మేతకు అడవి, ఒక ద్రాక్షతోట కూడా నమోదయ్యాయి. ఈ పద్దులో ఒక మాట తర్వాతి రెండు వందల ఏళ్లలో గ్రామస్తుల బతుకును తేల్చింది: 1066కు ముందు ఈ భూమి ఎడ్వర్డ్ రాజుది కాదు, హెరాల్డ్‌ది అన్న మాట.

మఠం ఏలుబడి, రైతుల వ్యాజ్యం

రూఆన్ మఠాధిపతి ఇంగ్లిష్ ఛానల్‌కు అవతల ఉంటాడు. ఇక్కడి వ్యవహారాలకు అతని తరఫున ఒక ప్రయర్ ఉండేవాడు. హార్మండ్స్‌వర్త్ ప్రయరీ అనే పేరున్నా, అది పూర్తి స్థాయి మఠం కాదు. రాబడి వసూలు చేసి మాతృమఠానికి పంపే కార్యాలయం లాంటిది. ఇదే రూఆన్ మఠానికి నాటింగమ్‌షర్‌లోని బ్లైత్‌లో కూడా ఒక శాఖ ఉండేది. విదేశీ మఠాల అధీనంలోని ఇలాంటి శాఖలను చరిత్రకారులు పరదేశీ ప్రయరీలు అంటారు. ఊరి చర్చి సెయింట్ మేరీకి ఉన్న 12వ శతాబ్దపు దక్షిణ ద్వారం ఈ కాలంలోనిదే. నార్మన్ శైలిలో వరసలు వరసలుగా చెక్కిన ఆ తోరణం నేటికీ నిలిచి ఉంది.

మత సంస్థ ప్రభువుగా ఉంటే రైతులకు కొంత మెత్తదనం దొరికేదన్న అభిప్రాయం ఒకటుంది. ఇక్కడి వ్యాజ్యం దానికి తోడ్పడదు. 1270లలో హార్మండ్స్‌వర్త్ రైతులు తమపై మఠం మోపుతున్న సేవలు, రుసుములు చెల్లవని రాజు న్యాయస్థానానికి ఎక్కారు. వారి వాదన న్యాయశాస్త్రం తెలిసినవారి వాదన. 1066కు ముందు ఎడ్వర్డ్ రాజు సొంత మేనర్లుగా ఉన్నవాటిని పురాతన రాజభూములు అనేవారు. వాటి రైతులకు ప్రత్యేక రక్షణ ఉండేది. ఆ మేనర్ ఎవరి చేతిలోకి మారినా, పాత ఆచారానికి మించి ఒక్క రోజు వెట్టి గాని, ఒక్క పెన్నీ శిస్తు గాని పెంచకూడదు. తమ ఊరు అలాంటిదేనని రైతులు అన్నారు. దాన్ని తేల్చడానికి చట్టం ఒప్పుకున్న సాక్ష్యం ఒక్కటే, డూమ్స్‌డే గ్రంథం. తెరిచి చూస్తే అక్కడున్నది హెరాల్డ్ పేరు. రైతులు ఓడిపోయారు.

ఈ తీర్పులో గమనించాల్సింది రైతుల ఓటమి ఒక్కటే కాదు. రెండు పక్షాలూ ఒకే సూత్రాన్ని అంగీకరించాయి. రైతుల స్వేచ్ఛ పరిమాణం, మఠం అధికారం పరిమాణం, రెండూ 1066 నాటి రాజరికానికీ ఈ భూమికీ ఉన్న సంబంధాన్ని బట్టే తేలతాయి. మఠం తన పవిత్రతను ఆధారంగా చూపి గెలవలేదు. రాజు లెక్కల పుస్తకాన్ని చూపి గెలిచింది. అదే పుస్తకంలో మరో పేరుంటే, దానపత్రం చేతిలో ఉన్నా, రైతుల మీద దాని అధికారం కుదించుకుపోయేది.

యుద్ధకాలపు జప్తులు: 1295–1391

ఫ్రాన్సుతో యుద్ధం వచ్చినప్పుడల్లా ఇంగ్లండు రాజుకు ఒక చిక్కు ఎదురయ్యేది. పరదేశీ ప్రయరీల రాబడి శత్రుదేశానికి పోతుంది. వాటిలోని సన్యాసులు గూఢచారులు కావచ్చునన్న భయం కూడా ఉండేది. 1295లో మొదటి ఎడ్వర్డ్, 1324లో రెండో ఎడ్వర్డ్, 1337లో మూడో ఎడ్వర్డ్ వాటిని స్వాధీనం చేసుకున్నారు. 1360 సంధితో తిరిగి ఇచ్చినా, 1369లో మళ్లీ తీసుకున్నారు. జప్తు అంటే సన్యాసులను ప్రతిసారీ వెళ్లగొట్టడం కాదు. చాలా చోట్ల ఆ ప్రయర్‌కే ఆస్తిని రాజు కౌలుకిచ్చేవాడు. నిన్నటి దాకా యజమాని తరఫున ఉన్నవాడు నేడు రాజుకు ఏటా కౌలు కట్టే ఇజారాదారు అయ్యేవాడు. 1378లో విదేశీ సన్యాసుల్లో చాలామందిని దేశం నుంచి పంపించేయాలని పార్లమెంటు కోరి, ఆదేశం సంపాదించింది.

ఇవన్నీ యుద్ధకాలపు తాత్కాలిక చర్యలే కదా, హక్కు మఠం దగ్గరే ఉంది కదా అని ఇక్కడ ఆక్షేపణ రావచ్చు. కాగితం మీద అది నిజం. శాంతి వచ్చినప్పుడు ఆస్తి తిరిగివ్వడం కూడా జరిగింది. కాని యాజమాన్యాన్ని కొలవాల్సింది పత్రంతో కన్నా పంట ఎవరి ఇంటికి చేరుతోందన్న దానితోనే ఎక్కువ. 1337 నుంచి 1391 దాకా ఉన్న 54 ఏళ్లలో, శాంతి నిలిచిన ఆ 9 ఏళ్లు తీసేస్తే, మిగతా కాలమంతా ఫ్రెంచి మఠాల ఇంగ్లిష్ ఆస్తులు రాజు చేతి కిందే ఉన్నాయి. ఒక మనిషి జీవితకాలంలో ఎక్కువ భాగం రాబడి చూడని యజమానికి, ఆ ఆస్తిని అమ్ముకోవడం నష్టం కాదు, గట్టెక్కే దారి.

కొనుగోలు: విన్చెస్టర్ కళాశాల, 1391

కొన్నవాడు విన్చెస్టర్ బిషప్ విలియం ఆఫ్ వికమ్. ఆక్స్‌ఫర్డ్‌లో న్యూ కాలేజీని 1379లో, విన్చెస్టర్ కళాశాలను 1382లో స్థాపించినవాడు. రెంటికీ శాశ్వత రాబడి కావాలి కనుక పరదేశీ మఠాల ఆస్తుల మీద దృష్టి పెట్టాడు. న్యూ కాలేజీకి ఎసెక్స్‌లోని హార్న్‌చర్చ్ ఆస్తి కూడా ఇలాగే, ఆల్ప్స్ పర్వతాల్లోని ఒక మత సంస్థ దగ్గర కొని ఇచ్చాడు. హార్మండ్స్‌వర్త్ 1391లో విన్చెస్టర్ కళాశాలకు చేరింది.

ఈ లావాదేవీని మార్కెట్లో జరిగిన మామూలు అమ్మకంగా చూడటానికి వీల్లేదు. మత సంస్థల చేతికి భూమి వెళ్తే అది మళ్లీ బయటికి రాదు. వాటికి చావు లేదు, మైనరు వారసుడు ఉండడు, కాబట్టి పై ప్రభువుకు వారసత్వ రుసుములు కూడా రావు. అందుకే 1279 మోర్ట్‌మెయిన్ శాసనం అలాంటి బదిలీలను నిషేధించింది. నిషేధం దాటాలంటే రాజు లైసెన్సు తీసుకోవాలి. ట్రస్టీల పేరు చాటున శాసనాన్ని తప్పించుకునే వీలు లేకుండా, సరిగ్గా ఈ 1391లోనే మరో శాసనం దాన్ని బిగించింది. వికమ్ కేవలం బిషప్ కాదు. 1389 నుంచి 1391 దాకా రెండోసారి ఇంగ్లండు ఛాన్సలర్‌గా పని చేశాడు. రాజముద్ర ఉండేది ఛాన్సలర్ దగ్గరే. అమ్మేవాడికి ఆస్తి అనుభవంలో లేదు, కొనేవాడికి రాజసభలో పలుకుబడి ఉంది, మధ్యలో రాజు అనుమతి ఉంది. ధర చెల్లించాడు కనుక రాజు ప్రమేయం నామమాత్రమన్న వాదన ఈ మూడు సంగతుల ముందు నిలవదు.

కళాశాలను మత సంస్థగా లెక్కించవచ్చా అన్నది మరో ప్రశ్న. నేటి అర్థంలో అది పాఠశాల. కాని 14వ శతాబ్దంలో అది బిషప్ స్థాపించిన, అధిపతి అయిన వార్డెన్‌తోను, మతగురువులైన ఫెలోలతోను, 70 మంది విద్యార్థులతోను ఉన్న ధార్మిక సంస్థ. స్థాపకుడి ఆత్మకోసం నిత్యం ప్రార్థనలు చేయడం దాని విధుల్లో ఒకటి. ఆస్తి చట్టం దాన్ని మఠాల సరసనే నిలిపింది. దానికీ మోర్ట్‌మెయిన్ లైసెన్సు అవసరమైంది. అందువల్ల 1391ని చర్చి యాజమాన్యం ముగింపుగా కాక, ఫ్రెంచి చర్చి చేతి నుంచి ఇంగ్లిష్ చర్చి చేతికి జరిగిన బదిలీగా చూడటం సరైనది. 1414లో పార్లమెంటు చట్టంతో పరదేశీ ప్రయరీలను రద్దు చేసినప్పుడు, ముందే చేతులు మారిన హార్మండ్స్‌వర్త్‌కు ఆ ప్రమాదం తప్పింది.

మేనర్ గాదె

కళాశాల యాజమాన్యానికి నేటికీ నిలిచిన సాక్ష్యం గ్రేట్ బార్న్ అనే గాదె. ధాన్యం నిల్వకూ నూర్పిడికీ కట్టిన ఈ కొయ్య కట్టడం సుమారు 58 మీటర్ల పొడవు, 11 మీటర్ల వెడల్పు ఉండి, 12 అంకణాలుగా సాగుతుంది. 1426–27లో కట్టారు. కలప వలయాల పరీక్ష కూడా ఓక్ చెట్లను 1420ల మధ్యలో నరికినట్టు చూపింది. కళాశాల లెక్కల చుట్టల్లో, థేమ్స్ తీరంలోని కింగ్‌స్టన్‌లో కలప కొనడానికి వడ్రంగులను పంపిన ప్రస్తావన ఉంది. లోపలికి వెళితే రెండు వరసల ఓక్ స్తంభాలు కప్పును మోస్తాయి. చెమ్మ ఎక్కకుండా ఒక్కో స్తంభం కింద రాతి దిమ్మె పెట్టారు. మధ్యలో విశాలమైన నడవ, దానికి ఇరువైపులా సన్నని పక్క నడవలు. ఈ అమరిక పెద్ద చర్చి లోపలి భాగాన్ని తలపిస్తుంది కనుకనే కవి జాన్ బెచమన్ దీన్ని మిడిల్‌సెక్స్ కేథడ్రల్ అన్నాడు. అసలు కలపలో అధిక భాగం ఇప్పటికీ మారలేదు.

దీన్ని జనం తరచు దశమభాగపు గాదె అంటారు. అది పొరపాటు. దశమభాగం అంటే ఊరి రైతులందరూ తమ పంటలో పదో వంతు చర్చికి చెల్లించేది. ఇది మేనర్ ప్రాంగణంలో, ప్రభువు కమతం పంటకోసం కట్టిన గాదె. తేడా చిన్నది కాదు. విన్చెస్టర్ కళాశాల ఇక్కడ మతాధికారిగా కన్నా భూస్వామిగా ఎంత పెట్టుబడి పెట్టిందో గాదె పరిమాణమే చెబుతుంది. ప్లేగు తర్వాత కూలీలు కరువై ఎన్నో మేనర్లలో సొంత సాగు తగ్గిపోతున్న శతాబ్దంలో ఇంత కట్టడం కట్టారంటే, ఈ ఆస్తి ఇక ఎప్పటికీ తమదేనన్న నమ్మకం కళాశాల పెద్దలకు ఉండి ఉండాలి. ఆ నమ్మకం నూట పదిహేను ఏళ్లకు పైగా చెల్లింది.

మార్పిడి: 1543

ఎనిమిదో హెన్రీ హాంప్టన్ కోర్టు చుట్టూ వేట భూములను, రాజ ఎస్టేట్లను విస్తరిస్తున్న రోజులవి. 1543లో విన్చెస్టర్ కళాశాల హార్మండ్స్‌వర్త్‌ను రాజుకు అప్పగించి, బదులుగా రద్దయిన మఠాల భూములు పుచ్చుకుంది. ఇది జప్తు కాదు, కళాశాల దివాలా తీయలేదు, మూతపడలేదు, నేటికీ నడుస్తోంది. కాబట్టి స్వేచ్ఛగా జరిగిన మార్పిడే అనేవారి వాదనకు కొంత బలం ఉంది. అయితే ఇదొక్క చోటే జరిగింది కాదు. 1530ల ఆరంభంలో ఈటన్ కళాశాల నుంచి సెయింట్ జేమ్స్ ఆసుపత్రి స్థలాన్ని, 1536లో వెస్ట్‌మిన్‌స్టర్ మఠం నుంచి నేటి హైడ్ పార్కు ఉన్న మేనర్‌ను, అదే ఏడాది కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్ నుంచి వింబుల్డన్ ప్రాంతాన్ని కలిగిన మోర్ట్‌లేక్ మేనర్‌ను హెన్రీ మార్పిడి పద్ధతిలోనే తీసుకున్నాడు. లండన్‌కు దగ్గరగా రాజుకు నచ్చిన భూమి వరసగా ఆయన చేతికే వెళ్లి, అవతలి పక్షానికి ఆయన ఎంచిన భూమి వచ్చింది. దేశమంతటా మఠాలు కూలుతున్న ఆ దశాబ్దంలో రాజు అడిగితే కాదనగల వార్డెన్ ఎవరూ లేరు. పరిహారం ముట్టినంత మాత్రాన ఒప్పందంలో ఇద్దరి ఇష్టమూ సమానమని చెప్పలేం.

పాజెట్ కుటుంబం, తర్వాతి యాజమాన్యం

1547లో మేనర్ సర్ విలియం పాజెట్‌కు దక్కింది. హెన్రీ కార్యదర్శిగా, ఆయన వీలునామా అమలుదార్లలో ఒకడిగా ఉన్న పాజెట్, అప్పటికే పక్క ఊరు వెస్ట్ డ్రేటన్‌ను కూడా సంపాదించాడు. అది లండన్ సెయింట్ పాల్స్ కేథడ్రల్ చేతిలో శతాబ్దాలు ఉన్న మేనర్. అలా ఆనుకుని ఉన్న రెండు చర్చి ఆస్తులు పదేళ్ల వ్యవధిలో ఒకే రాజోద్యోగి కింద చేరాయి. మూడో బారన్ థామస్ పాజెట్ కాథలిక్ కుట్రల అనుమానంతో 1583లో ఫ్రాన్సుకు పారిపోగా, 1587లో రాజద్రోహ నేరం కింద అతని ఆస్తులు రాణి ఎలిజబెత్ స్వాధీనమయ్యాయి. ఆమె పాలన చివరి ఏళ్లలో భూములు అతని కొడుక్కి తిరిగి చేరాయి. మఠానికి ఎదురైన జప్తు, తిరిగి ఇవ్వడం ఇక్కడ గృహస్థుకూ ఎదురయ్యాయి కనుక, రాజు మీద ఆధారపడటం చర్చి ఆస్తికి మాత్రమే ప్రత్యేకం కాదని ఒప్పుకోవాలి. తేడా మరో చోట ఉంది. 1660 చట్టం యుద్ధసేవా భూముల మీద రాజుకు చెల్లించాల్సిన పాత బరువులను ఎత్తేశాక, గృహస్థు భూస్వామి దాదాపు పూర్తి యజమాని అయ్యాడు. ఆ రోజు చూడటానికి హార్మండ్స్‌వర్త్‌లో చర్చి ప్రభువు మిగల్లేదు.

ప్రభువు మారితే రైతుకు ఏం మారింది? వెంటనే పెద్దగా ఏమీ మారలేదు. మేనర్ కోర్టు అదే, ఆచారం అదే. అసలు మార్పు 1805 ఆవరణ చట్టంతో వచ్చింది. ఉమ్మడి పొలాలు, బీళ్లు విడగొట్టి వేర్వేరు యజమానులకు పంచే ఆ ప్రక్రియ 1819 అవార్డుతో ముగిసింది. బీడు మీద పశువులు మేపుకునే హక్కుతో బతికిన పేద కుటుంబాలకు, 1391, 1543 కన్నా 1819 ఎక్కువ కీలకమైన సంవత్సరం. చట్టపరంగా మేనర్ రైతుల ప్రత్యేక భూవిధానం 1922 ఆస్తి చట్టంతో రద్దయి, 1926 నుంచి అమలు కాకుండా పోయింది.

విమానాశ్రయం, గాదె, దస్తావేజులు

1944లో యుద్ధకాలపు అధికారాలతో ప్రభుత్వం హీత్రూ పల్లెనూ, దాని పొలాలనూ స్వాధీనం చేసుకుంది. పల్లె చెరిగిపోయింది. 1946లో పౌర విమానాశ్రయం తెరుచుకుంది. 2018లో పార్లమెంటు ఆమోదించిన మూడో రన్‌వే విధానం హార్మండ్స్‌వర్త్ గ్రామంలోనే ఎన్నో ఇళ్లను పడగొట్టే ప్రణాళికకు దారి తీసి, స్థానికుల దీర్ఘ పోరాటానికి కారణమైంది. గాదె ప్రైవేటు చేతుల్లో మరమ్మతులు లేక ఆందోళన కలిగించగా, 2011లో ఇంగ్లిష్ హెరిటేజ్ సంస్థ దాన్ని 20,000 పౌండ్లకు కొని సందర్శకులకు తెరిచింది.

మేనర్ కోర్టు చుట్టలు, మేనర్ వ్యవహారాలు చూసే బెయిలీఫుల లెక్కలు చట్టరీత్యా మేనర్ దస్తావేజులుగా రక్షణ పొందుతాయి. 1920ల నిబంధనల ప్రకారం మేనర్ ప్రభువు వాటిని ఇష్టం వచ్చినట్టు పారేయలేడు, దేశం దాటించలేడు. హార్మండ్స్‌వర్త్ మధ్యయుగపు లెక్కల్లో ముఖ్యమైనవి విన్చెస్టర్ కళాశాల భాండాగారంలోనే ఉన్నాయి. ఆస్తి చేతులు మారి నాలుగు శతాబ్దాలు దాటినా, చావులేని సంస్థ కనుక కళాశాల తన పాత కాగితాలను పోగొట్టుకోలేదు. గాదెకు కలప కొన్న పద్దు ఈనాడు మనకు తెలుస్తున్నది అందువల్లే.